వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు

పోరుమామిళ్ల చెరువు ఎవరు కట్టారని మన ఊళ్లో అడిగితే రెండు జవాబులొస్తాయి. భాస్కర భవదూరుడు తవ్వించాడని చదువుకున్నవాళ్లు చెప్తారు. కొండలే కట్టలైనప్పుడు మనిషి చేసిందేముందని మిగతావాళ్లంటారు. రెండూ నేనొప్పుకోను.

తవ్వించాడన్న మాటే తప్పు. నాలుగు కొండల నడుమ సందుల్ని మూడు మట్టికట్టలతో కలిపి, కడప బండలు పరిచారు. కొండలతో కలిపి కట్ట పొడవు సుమారు 14,000 అడుగులు. అందులో మనిషి పోసింది 4,500 అడుగులు. బాగా లోతైన చోట కట్ట అడుగున వెడల్పు 150 అడుగులు. ఆ కట్ట మీద ఒక్కసారి నడిచినవాడు మనిషి చేసిందేముందని అనడు.

ఆ మట్టి ఎవరు మోశారు? భైరవుని గుడి ముందరి రెండు బండల మీద జవాబుంది. శక 1291, అంటే క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం. వేయించింది మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి ఏలిన భాస్కరుడు. శాసన పరిశోధకుడు సుక్తంకర్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక 14వ సంపుటంలో అచ్చువేసినప్పటి నుంచీ రాసినవాళ్లు చాలామంది మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాల దగ్గరే ఆగిపోతున్నారు. ఆ పట్టిక గొప్పదే. నీళ్లు తక్కువై మడి ఎక్కువైనా దోషమే, నీళ్లు ఎక్కువై మడి తక్కువైనా దోషమే అంటుంది. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండకూడదంటుంది. తూము దగ్గర తగువుపడిన రైతులు చెప్పకుండా ఈ సంగతులు పండితుడికి తెలిశాయంటే నేను నమ్మను.

నాకు అంతకన్నా ముఖ్యమైన ముక్క అదే శాసనంలో ఇంకొకటుంది. చెరువు మీద, కట్ట మీద రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారు. రాయి తోలడానికి నూరు బండ్లు. పని రెండేళ్లు సాగింది. ఖర్చైన ధనానికి, ధాన్యానికి లెక్కలేదు.

ఇదంతా వెట్టిచాకిరీ అని కొందరు తేల్చేస్తున్నారు. వెట్టికైతే లెక్కలేనంత ధాన్యం ఎందుకు ఖర్చవుతుంది? ఆ గింజలు పనిచేసినవాళ్ల కడుపుల్లోకే పోయుండాలి. కూలి గింజల్లో కొలవడం మన తాతలు కూడా చూసిందే. పైగా శాసనం రోజూ అంటోంది. వానలు పడ్డాక మడి వదిలి కట్ట మీదికి వచ్చే రైతెవరు? కాబట్టి మట్టిపనే బతుకైనవాళ్లు వాళ్లలో ఉండితీరాలి. కట్టుబడి నేర్చిన పనివాళ్లు ఉండాలన్నది ఆ 12 లక్షణాల్లో ఒకటి కూడా. బండ్ల సంగతి వేరు. బండికి జత చొప్పున చూసినా రెండు వందల ఎద్దులు. అన్ని ఎద్దులు సేద్యగాళ్ల కొట్టాల్లోంచి కాక ఎక్కణ్నుంచి వస్తాయి?

కట్ట మీద బోర్డు పెట్టాలనుకునే పెద్దలకు నా మనవి ఒకటే. భాస్కరుడి పేరు కింద వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు అని కూడా రాయించండి. ఆ రాజు తన పేరున్న రాతి మీదే ఆ లెక్కా చెక్కించాడు.