గర్భధారణలో రక్తనాళాల మార్పులు

గర్భిణి శరీరంలో హార్మోన్ల ప్రభావంతో రక్తనాళాలు సడలి, వెడల్పయి, మాయకు ధారాళంగా రక్తం అందించేలా మారతాయి. ఈ మార్పులు నెల తప్పిన తొలి వారాల్లోనే మొదలవుతాయి. కాన్పయ్యాక కొన్ని వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి.

హార్మోన్ల పని

తొలి వారాల్లో ప్రొజెస్టిరాన్, రిలాక్సిన్ ప్రధానంగా అండాశయం నుంచి వస్తాయి. సుమారు 10వ వారానికి ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజెన్ తయారీ మాయ చేతికి వస్తుంది. ఈస్ట్రోజెన్, రిలాక్సిన్ వల్ల నాళాల లోపొరలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారై, గోడలోని కండరాన్ని సడలిస్తుంది. నాళాలను బిగించే యాంజియోటెన్సిన్ రక్తంలో పెరిగినా, ఆరోగ్యవంతురాలి నాళాలు దానికి అంతగా లొంగవు. అందుకే గుండె పంపే రక్తం 30–50 శాతం పెరిగినా బీపీ పెరగదు. 20–24 వారాల దాకా కాస్త తగ్గి, తర్వాత మెల్లగా మునుపటి స్థాయికి చేరుతుంది.

గర్భాశయ ధమనులు

గర్భాశయ లోపొరలోని సర్పిల ధమనులు మామూలుగా సన్నగా, మెలికలు తిరిగి ఉంటాయి. మాయ నుంచి వచ్చే ట్రోఫోబ్లాస్ట్ కణాలు వాటి గోడల్లోకి చొరబడి కండరాన్ని, సాగే పోగులను తొలగిస్తాయి. నాళం చివర గరాటులా విచ్చుకుంటుంది, మళ్లీ బిగుసుకోలేదు. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి 500 మి.లీ.కు పైగా రక్తం అందుతుంది.

మార్పు సరిగా జరగకపోతే

ఈ ధమనులు ఇరుకుగానే ఉండిపోతే మాయకు రక్తం చాలదు. అప్పుడు మాయ విడుదల చేసే కొన్ని ప్రొటీన్లు తల్లి నాళాల లోపొరను దెబ్బతీస్తాయి. 20 వారాల తర్వాత బీపీ 140/90 లేదా అంతకు మించి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, అంటే గుర్రపువాతం. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఫిట్స్‌ను అడ్డుకుంటుంది. ముప్పు ఎక్కువున్నవారికి 12వ వారం తర్వాత డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో

2016లో ఏర్పడిన ఈ జిల్లాల్లో మహబూబాబాద్‌కు 2022లో, మిగతా రెండింటికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్లాస్మా పెరిగినంతగా ఎర్రకణాలు పెరగవు కాబట్టి గర్భిణుల హిమోగ్లోబిన్ సహజంగానే కొంత తగ్గుతుంది. ముందే రక్తహీనత ఉంటే అది ప్రమాదం. రక్తహీనత ఎక్కువగా ఉన్నందునే, 2022 డిసెంబరులో గర్భిణులకు పోషకాహారం ఇచ్చే న్యూట్రిషన్ కిట్ పథకం మొదలైన తొమ్మిది జిల్లాల్లో భూపాలపల్లిని చేర్చారు.

ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ప్రతిసారీ బీపీ, మూత్రం, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం వాపు కనిపిస్తే మాత్రం 9వ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.