ముఖము లేని స్త్రీ



వికృతమైన ఆకారవేషభాషలవలన హాస్యరసము పుట్టునని మన ఆలంకారికులు చెప్పిరి. అయితే ఆ వికృతి నెవరిపై మోపవచ్చును? అమెరికా దేశపు కార్టూను చిత్రముల చరిత్ర ఈ ప్రశ్నను మన యెదుట నిలుపుచున్నది.

చేతితో గీసిన బొమ్మలను వరుసగా ఫొటోలు తీసి తెరపై కదలించుటచే ఈ చిత్రములు సిద్ధమయ్యెడివి. పెద్ద సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషములు వీనిని ప్రదర్శించెడివారు. 1940లో ఎం.జి.ఎం. సంస్థవారు ఒక పిల్లి, ఒక ఎలుకల కథను విడుదల చేసిరి. అవియే పిదప టామ్, జెర్రీలని ప్రసిద్ధికెక్కినవి. ఆ యింట పనిచేయు నల్లజాతి స్త్రీ యొకతె కలదు. పిల్లిని గద్దించుటయే ఆమె పని. 1952 వఱకు ఆమె అనేక చిత్రములలో వచ్చినను, కాళ్లును చీపురును కనబడునే కాని ముఖము దాదాపు ఎన్నడును కనబడదు. ఆమెకు గళమిచ్చిన నటి లిలియన్ రాండాల్ఫ్.

ఈ పోకడ క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు ఆటలాడిరి. ఆ ముద్రలే కార్టూనులలోనికి దిగినవి. 1941లో వాల్టర్ లాంట్జ్ నిర్మించిన యొక చిత్రమున ఊరిలోని నల్లవారెల్లరు సోమరులై నిద్రించుచుందురు. 1948లో అది మరల విడుదల కాగా నల్లజాతివారి హక్కులకై 1909లో వెలసిన జాతీయ సంఘము ఆక్షేపించెను; మరుసటి యేట యూనివర్సల్ సంస్థ దాని నుపసంహరించెను. 1968లో వార్నర్ వారి 11 చిత్రములు టెలివిజనుకు రాకుండ నిలిపివేయబడెను.

ఇక ఆ పనిమనిషి మాట. 1960 దశకమున టెలివిజను కొరకు కొన్ని చిత్రములలో ఆమెను చెరిపి తెల్లని స్త్రీని గీసిరి, గొంతును మార్చిరి. అవమానము తొలగినది, నిజమే. కాని రాండాల్ఫ్ శ్రమయు దానితో తుడిచిపెట్టుకొని పోయినది. ముఖము మొదటినుండియు లేదు; ఇప్పుడు గొంతును లేదు.

చెరుపుటయే అన్నిటికి మందు కాదనుటకు మరియొక సాక్ష్యము గలదు. స్పీడీ గొన్జాలెస్ అను మెక్సికో ఎలుక పేరిట వచ్చిన 1955 నాటి చిత్రమునకు ఆస్కార్ బహుమానము లభించెను. 1999లో ఒక ఛానెలు ఆ ఎలుక చిత్రములను నిలిపివేయగా, లాటిన్ అమెరికా సంతతివారి సంఘమే దానిని మరల చూపుమని కోరెను. పిల్లిని గెలుచు ఆ చురుకైన ఎలుకలో వారు తమ వీరుని చూచుకొనిరి. 2002లో అది తిరిగి వచ్చెను.

కుంచె పట్టిన చేతులును క్రమముగా మారినవి. 1956లో ఫ్లాయిడ్ నార్మన్ అను నల్లజాతి చిత్రకారుడు డిస్నీ సంస్థలో చేరెను. 1960లో ఫ్రాంక్ బ్రాక్స్టన్ కార్టూను చిత్రకారుల సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

కాగా నా మనవి యిది. ఒక హాస్యము తగునా, తగదా యని తేల్చునప్పుడు, నవ్విన వారినే కాక, ఎవరిని చూచి నవ్విరో వారిని ముందుగా అడుగవలెను. పాత చిత్రములను దాచుటకంటె, వానిలోని దోషమును విప్పి చెప్పి, పనిచేసినవారి పేళ్లు చెప్పి చూపుటయే చరిత్రకు న్యాయము.