మోటారుబండి ముందఱి యద్దము – దాని కూఁత



కందెన లేని బండి కూయునని మన పల్లెలలో పసిపిల్లలకును దెలియును. ఇరుసున కింత కందెన పూసినచో కూఁత మానును. మోటారుబండియు నొక్కొక్కప్పుడు కూయును. ఆ కూఁతలలో ముందఱి యద్దపు టంచున పుట్టునది యొకటి. దానికిని కందెనయే మందని తలంచి నేను చెడితిని. ఎందుకు చెడితినో తెలిసికొనఁబోయి యీ యద్దముయొక్క చరిత్రమును చదివితిని. ఆ చరిత్రమునే నేఁడు మీకు విన్నవింతును.

1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూఁడు చక్రముల బండికి ముందఱ నద్దమే లేదు. వేగము స్వల్పము, తోలువాఁడు గాలిని మొగముతోనే యెదుర్కొనెడివాఁడు. వేగము హెచ్చినకొలఁది గాలియు దుమ్మును పురుగులును సహింపరానివయ్యెను. అందుచే ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో చట్రమున బిగించిన గాజుపలకను ముందఱ నిలుపసాగిరి. అది సామాన్యపు గాజు. గాలికి మఱుఁగయ్యెను గాని, బండి దేనికైన తాఁకినప్పుడు కత్తులవలె పగిలి లోనివారిని కోసెడిది.

ఈ యాపదకు ప్రతిక్రియ ఫ్రాన్సు దేశమున దొరికెను. ఎడ్వార్ బెనెడిక్టస్ అను రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో 1903లో ఒక గాజుబుడ్డి క్రిందపడి, పగిలియు ముక్కలు చెదరక నిలిచెనని చెప్పుదురు. అందు పూర్వ ముంచిన ద్రవ మెండిపోయి, లోపల సన్నని పొరగా నంటుకొనియుండెను. ఆ పొరయే ముక్కలను పట్టియుంచెను. రెండు గాజుపలకల నడుమ అట్టి పొర నుంచి యతికించు పద్ధతికి ఆయన 1909లో పేటెంటు పొందెను. 1914లో మొదలైన మహాయుద్ధమున విషవాయువులనుండి కాపాడు ముసుఁగుల కంటిబిళ్ళలకు ఈ గాజును వాడిరి. 1927 డిసెంబరులో వెలువడిన ఫోర్డు కంపెనీ మోడల్ ఏ కారునకు ముందఱి యద్దముగా నిట్టి గాజునే యమర్చిరి. నాఁటి పొర యెండకు పసుపువన్నెకు దిరిగెడిది. 1930వ దశాబ్దపు చివర నంతకంటె మేలైన పొర వచ్చి యా కొఱఁతయు తీఱెను.

గాజు బాగుపడెను. కాని దానిని ఇనుపశరీరమున నిలుపుట యెట్లు? కష్ట మిచ్చటనే యున్నది. ఒక చక్రము గోఁతిలో దిగినప్పుడు బండి శరీర మంతయు నించుక మెలిపడును. అద్దమున్న చట్రము మూలలు కొంచెము వాలును. ఇనుము వంగును, గాజు వంగదు. ఈ రెంటిని నేరుగా నొకదాని కొకటి బిగించినచో గాజు పగులక తప్పదు. నడుమ మెత్తని మధ్యవర్తి కావలెను. అదియే రబ్బరు.

పచ్చి రబ్బరు ఎండకు జిగటయై చలికి పెళుసగును. చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశీయుఁడు 1839లో దానిని గంధకముతో కలిపి కాఁచి, సాగియు మరల యథాస్థితికి వచ్చు గుణమును స్థిరపఱచెను. అద్దము చుట్టు నుండు రబ్బరుపట్టీని పనివారు బీడింగ్ అందురు. దానికి రెండు గాడులుండును: ఒక గాడిలో గాజంచు, రెండవదానిలో ఇనుపచట్రపు టంచు ఇముడును. బిగించునప్పుడు బయటి గాడిలో నొక త్రాడు చుట్టి, అద్దమును వెలుపలినుండి చట్రమున కానించి, లోపలినుండి త్రాటిని మెల్లఁగా లాగుదురు. త్రాడు వచ్చినకొలఁది రబ్బరుపెదవి ఇనుపటంచును దాఁటి కూర్చుండును. కలకత్తా చేరువ ఉత్తర్‌పారాలో 1950వ దశాబ్దపు చివరనుండి 2014వఱకు తయారైన అంబాసడరు కార్ల యద్దములు ఇట్టి రబ్బరులోనే యుండెడివి.

కాలము గడచినకొలఁది ఎండయు గాలిలోని ఓజోనును ఆ రబ్బరును గట్టిపఱచును. గట్టిపడిన రబ్బరు గాజుతో కలిసి కదలదు. కొంత పట్టుకొని, చటుక్కున జాఱి, మరల పట్టుకొనును. ఈ పట్టును జాఱుటయు క్షణమున ననేక పర్యాయములు జరుగుటయే కూఁత. నడుమ దూఱిన దుమ్ము దానికి తోడగును. రబ్బరు కుంచించి ఖాళీ యేర్పడినచో అద్దము కొట్టుకొని టకటక మనును. కూఁత రాఁపిడికి గుఱుతు. టకటక వదులునకు గుఱుతు.

ఇఁక నా కథ. ఇరువది యేండ్ల క్రిందట మా బావగారి పాఁత అంబాసడరు కూయుచుండఁగా, నేనే పండితుఁడనై బీడింగ్ నిండ ఇరుసు గ్రీజు పూసితిని. నెలదినములు నిశ్శబ్దము! మా బావగారు నన్ను మెచ్చుకొనిరి. తరువాత రబ్బరుబ్బి మెత్తఁబడి గాడి వదలెను. వానకు నీరు కాళ్ళపై కారెను. అప్పు డొక పనివాఁడు వచ్చి, సందులనిండ గట్టిపడు లప్పము కూరి, “పంతులుగారూ, ఇఁక నిది నోరెత్తదు” అనెను. నిజమే, నోరెత్తలేదు. వారము లోపల కాలువగట్టు బాటలో నొక గోఁతిలో చక్రము దిగఁగానే మూలనుండి యద్దము నిలువున బీటవాఱెను. నా మందు మధ్యవర్తిని కరఁగించెను. అతని మందు మధ్యవర్తిని లేకుండఁ జేసెను.

సరియైన మార్గ మిది. మొదట కూయునది అద్దమే యగునో కాదో తేల్చుకొనవలెను. వైపరు చేతులును లోపలి పలకయు నట్లే కూయును. అంచునకు గుడ్డపట్టీ నొక్కొక్క ప్రక్క నతికించి బండి నడిపినచో, ఏ ప్రక్క నతికింపఁగా కూఁత మానునో అచ్చటనే దోషమున్నది. అచ్చట సబ్బునీటితో దుమ్ము కడిగి, ఆరిన పిమ్మట గ్లిసరినుగాని సిలికోను కందెనగాని పలుచఁగా పూయవలెను. పెట్రోలు, కిరసనాయిలు, ఇరుసు గ్రీజు తగవు. రబ్బరు బీటలువాఱినచో పూఁతలు వ్యర్థము. అద్దము దీసి, చట్రపు త్రుప్పు గీఁకి రంగు వేసి, క్రొత్త బీడింగ్ పెట్టవలెను. లోపలి త్రుప్పును మఱచి క్రొత్త రబ్బరు పెట్టుట పుండు కడుగక కట్టు కట్టుటయే.

1960వ దశాబ్దమునుండి అమెరికాలో అద్దమును జిగురుతో చట్రమున కతికించు పద్ధతి వ్యాపించెను. నేఁటి కార్లలో నదియే పరిపాటి. అందు అద్దము బండి బలములో భాగము. ప్రమాదమున తెఱచుకొను గాలిసంచి అద్దమున కానుకొని లోనివారిని కాచును. అట్టి బండిలో అద్దపు టంచు కూసినచో అది చెవి బాధ మాత్రము గాదు. జిగురు వదలుచున్నదేమో యని శంకింపవలెను. అది యింట చేయు పని గాదు. నేర్పరియగు పనివానిచే మరల నతికింపించి, జిగురు గట్టిపడుటకు అతఁడు చెప్పిన గడువు తీఱువఱకు బండిని కదలింపరాదు.

కావున అయ్యలారా, కూఁతను మాన్పుట వేఱు, కారణమును మాన్పుట వేఱు. నేను మొదటిది చేసి రెండవదానిని మఱచితిని. అద్దపు వెల చెల్లించి నేర్చుకొంటిని. మీ బండి కూసినపుడు నోరు మూయించుటకుముందు, అది చెప్పునదేమో యొకింత వినుఁడు. సెలవు.