ఇద్దత్‌లో ఉన్నా క్లెయిమ్ వేయొచ్చు, గడువు ఆరు నెలలే

రోడ్డు ప్రమాదంలో భర్త పోయిన ఇంట్లో కోర్టు మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు. ఇద్దత్ అయ్యాక చూద్దాంలే అంటారు. ఇద్దత్ 4 నెలల 10 రోజులు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద నష్టపరిహారం పిటిషన్‌కు గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే రూలు. అంటే ఇద్దత్ తర్వాత మిగిలేది రెండు నెలలు కూడా కాదు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు వెళ్లాయి గానీ, వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

పిటిషన్ కోసం ఆమె గడప దాటక్కర్లేదు. వారసుల్లో ఎవరైనా, మిగతావాళ్లను కూడా చేర్చి వేయొచ్చు. వకాలత్‌నామా మీద సంతకం ఇంట్లోనే పెట్టొచ్చు. మరిదో తమ్ముడో ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, డెత్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలావరకు పని అయినట్టే. జీతం స్లిప్ లేదా? చేసే పనిని బట్టి ట్రిబ్యునలే ఆదాయం అంచనా వేస్తుంది. ప్రమాదం ఎక్కడ జరిగినా, కుటుంబం ఉండే చోటి ట్రిబ్యునల్‌లో కేసు వేసుకోవచ్చు.

ఎంత వస్తుందనేది 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క. సొంత ఆటో మీద నెలకు 15,000 తెచ్చే 32 ఏళ్ల మనిషి అనుకుందాం. ఏడాదికి 1,80,000. ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడితే, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 1,89,000. ఆ వయసుకు 16తో గుణిస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం. పోయినవాళ్ల తప్పు కూడా ఉందని తేలితే ఆ మేరకు తగ్గుతుంది. అవతలివాళ్లు ఇంటికొచ్చి లక్ష చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం అడిగినప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే దారి వేరు. రెవెన్యూ అధికారి దగ్గర హిట్ అండ్ రన్ స్కీం కింద దరఖాస్తు పెట్టుకోవాలి, మరణానికి 2 లక్షలు ఇస్తారు.