నగరమా? హోసూరా? – అద్దె ఇంటి చరిత్ర

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పొట్టకూటికై ఊరు విడిచి వచ్చిన మనకు కట్టుట మాట అటుంచి, అద్దె ఇల్లు వెదకుటయే పెద్ద పరీక్ష. ఇంట కూర్చుండి ఉద్యోగము చేసుకొనే వెసులుబాటు కలిగినది మొదలు ఆ పరీక్ష మరింత చిక్కైనది. బెంగుళూరులోనే ఉండుటా? 40 కిలోమీటర్ల దూరాన హోసూరులోనా? 90 కిలోమీటర్ల దూరాన కృష్ణగిరిలోనా? మన ప్రాంతపు చరిత్రను తిరగవేస్తే దీనికి కొంత జవాబు దొరుకుతున్నది.

ఇంటిలో పని కొత్తది కాదు. మన చేనేతవారి మగ్గపు గుంట నట్టింటనే ఉండేది. భర్త నేయగా భార్య కండెలు చుట్టేది. వారికి ఇల్లంటే గుంటకు తగిన నేల, మంచి వెలుతురు, పడుగు సాచుటకు వీధిలో చోటు. పనికి చోటులేని ఇల్లు ఎంత చవకైనా వారికి చవక కాదు.

దొరలు కూడ తమ వీలు చూచుకొన్నారు. 1830 నుండి 1860 వరకు సేలం జిల్లాకు ముఖ్యస్థానము హోసూరు. దాదాపు 2,900 అడుగుల ఎత్తున ఉన్న ఊరు గనుక గాలి చల్లన. కాని జిల్లాకు ఇది ఒక మూల. సేలం వైపు అర్జీదారునికి కచేరీ 150 కిలోమీటర్ల దూరమైనది. ఒకరి సౌఖ్యము మరొకరికి ప్రయాణమైనది. 1860లో కచేరీ సేలానికి మారినది.

ఇక రైలు సంగతి. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి 1905లోను, మొరప్పూరు నుండి ధర్మపురి మీదుగా హోసూరుకు 1913లోను న్యారోగేజి బండ్లు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలములో రెండు మార్గాలనూ ఎత్తివేశారు. హోసూరుకు తరువాత బెంగుళూరు–సేలం మార్గము లభించినది. కృష్ణగిరి బస్సులనే నమ్ముకొన్నది. దారి నేడున్నది గనుక రేపూ ఉంటుందని ఇల్లు తీసుకొనరాదని రైల్వేలో పనిచేసే మాబోంట్లకు ఇది నేర్పిన పాఠము.

1980 ప్రాంతమున అశోక్ లేలాండు, టి.వి.యస్., ఆ దశకములోనే టైటాన్ గడియారాలు హోసూరుకు వచ్చినవి. షిఫ్టుకు వెళ్లేవానికి కర్మాగారపు గేటే దిక్సూచి. దానికెంత దగ్గరైతే అంత మేలు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి ఆ లెక్కను తారుమారు చేసినది. కంప్యూటరు ఉద్యోగానికి ఇల్లే ఆఫీసైనది. నగరములో ఒక గది వదలి, హోసూరులో రెండు గదులు చూచుకొన్న కుటుంబాలెన్నో. అయితే ఆ రోజులలోనే అత్తిబెలె సరిహద్దు దాటుటకు ఇ-పాసు కావలసివచ్చినది. పటములోని గీత గోడ కాగలదని అప్పుడు తెలిసినది.

కనుక అద్దె ఒక్కటే చూడరాదు. పనికి తలుపు వేసుకొనగల గది, నమ్మకమైన కరెంటు, ఇంటర్నెట్టు, నీరు, ఆఫీసువారు రమ్మన్ననాడు వెళ్లివచ్చే ఖర్చు, ఇల్లు ఖాళీ చేసే షరతులు, ఇవన్నీ కలిపి లెక్క వేయవలెను. వారానికి మూడు నాలుగు దినములు పిలిచే ఉద్యోగమైతే నగరమే నయము. నెలకొకటి రెండు మార్లయితే హోసూరు చాలు. ఎన్నడో తప్ప పిలవనివారికి కృష్ణగిరి కూడ దూరము కాదు.

అన్నిటికంటె పెద్ద లెక్క పిల్లల చదువు. తమిళనాట 2006 చట్టముతో తమిళము, కర్ణాటకలో 2015 చట్టముతో కన్నడము బడులలో తప్పనిసరి పాఠములైనవి. ఆ ఊరి భాష నేర్చుట మన ధర్మమే. కాని సరిహద్దుకు ఎటు అద్దెకున్నా తెలుగు బాధ్యత చాలవరకు ఇంటిదే. ఇంట పనిచేయుట వలన ప్రయాణములో మిగిలే గంటలో అరగంట పిల్లలకు అక్షరములు దిద్దించుటకు ఇచ్చినచో, ఏ ఊరి అద్దె ఇల్లయినా మన ఇల్లే అవుతుంది.