బొజ్జ – శస్త్రం – శుశ్రూష

మన అభ్యుదయ సాహిత్యంలో కడుపులు రెండే రెండు. ఒకటి వీపుకంటుకుపోయిన కడుపు, రెండోది బొజ్జ. మొదటిది కూలివాడిది, రెండోది భూస్వామిది, వడ్డీవ్యాపారిది, కంట్రాక్టరుది. ఈ విభజన ఎవరో తీరిగ్గా కూర్చుని కల్పించింది కాదు. కదిరి నుంచి పులివెందుల పోయే దారిలోని మా తలుపుల వంటి ఊళ్ల చరిత్రలోంచే అది పుట్టింది. 1876–78 నాటి ధాత కరువు కాలానికి కదిరి తాలూకా ఇంకా కడప జిల్లాలోనే ఉంది; అనంతపురంలో కలిసింది 1910లో. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ కరువు పనులు చేసే మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన అర్ధణా చాలునని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ దీన్ని ఎదిరించాడు. కష్టం చేసే దేహం ధాన్యం ఒక్కదానితో నిలవదనీ, పప్పూ కూరా కూడా కావాలనీ వాదించాడు. మే నెలలో ఆ కూలి కొంత పెంచక తప్పలేదు. కడుపు కొలతను సర్కారు తక్కెడ నిర్ణయించిన సీమలో బొజ్జ దోపిడీకి గుర్తు కావడంలో వింతేముంది?

అయితే ఆ గుర్తు ఈనాటికీ సరిపోతుందా అన్నదే నా ప్రశ్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువు వాళ్లు. సగానికి పైగా రక్తహీనులు. ఈ రెండు లెక్కల్లోని స్త్రీలు వేరువేరు ఇళ్ల వాళ్లని నేననుకోను. పుణె పరిసర పల్లెల్లో యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. అక్కడ పుట్టే బిడ్డలు బరువులో చిన్నవాళ్లే. కానీ కండ తక్కువగా ఉన్న ఆ దేహాల్లో కొవ్వు మాత్రం యూరపు బిడ్డలకు దాదాపు దీటుగా ఉంది. అంటే తల్లి తిన్న అరకొర తిండి బిడ్డ ఒంట్లో కొవ్వు రూపంలో కూడా కనిపించవచ్చు. బొజ్జ కనిపించగానే యజమాని అని రాసేసే కథకుడు ఈ చరిత్రను దాటేసి పోతున్నాడు.

ఇక శస్త్రం సంగతి. బరువు తగ్గించడానికి పేగు మీద కత్తి పెట్టడం 1950లలో మొదలయింది. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్‌లు చిన్న పేగులో పెద్ద భాగాన్ని తప్పించి, తిండిని అడ్డదారిన పంపే పద్ధతిని ప్రకటించారు. తర్వాతి రెండు దశాబ్దాల్లో వేలమందికి ఆ రకం శస్త్రచికిత్సలు జరిగాయి. బరువు తగ్గింది, నిజమే. దాని వెంట ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, చెడిపోయిన కాలేయాలు వచ్చాయి. 1980ల నాటికి ఆ పద్ధతిని వదిలేశారు. కోసినవాటిని చాలామందికి మళ్లీ కలపవలసి వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరులు స్ప్రూకు బలయ్యారు. తిన్నది ఒంటికి పట్టని, మన వైద్యులు గ్రహణి అనే కోవలోని జబ్బు అది. ఆయన కూడా ఆ రోగాన పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. అంతకు మించిన కథ తర్వాత జరిగింది. బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీల గర్భకాలపు రక్తహీనతను పరిశీలించి, లూసీ విల్స్ 1931లో ఈస్టు సారంలో ఏదో తెలియని పోషకం ఉందని చెప్పింది. అదే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన దాని సంశ్లేషణ పూర్తయింది. ఆకలిగొన్న కూలిస్త్రీల నెత్తురు నుంచి మొదలైన విద్య అది. తొమ్మిదేళ్లు తిరగకముందే శస్త్రవైద్యులు తిన్నది పట్టని స్థితిని బుద్ధిపూర్వకంగా మనిషి ఒంట్లో సృష్టించడానికి పూనుకున్నారు! ఈ వైరుధ్యాన్ని చూసి నవ్వుకోవడం సులభం. నవ్వి ఊరుకుంటే మాత్రం అన్యాయమవుతుంది.

ఎందుకంటే శస్త్రం కూడా మారింది. పుండు కోసం జీర్ణాశయాన్ని కొంత కోయించుకున్నవాళ్లు తిరిగి లావెక్కకపోవడం గమనించి, 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయాన్నే చిన్నది చేసి పేగుకు కలిపే పద్ధతి మొదలుపెట్టాడు. నేడు ఎక్కువగా జరిగేది జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగిల్చే శస్త్రచికిత్స. స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ పరిశీలన 2007లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, చేయించుకున్నవారిలో మరణాలు చేయించుకోనివారిలో కంటే తక్కువ. చాలామందిలో మధుమేహం వెనక్కి తగ్గింది. కనక ఇది సోకు వైద్యం కాదు. ఉన్నవాళ్ల విలాసమని కొట్టిపారేయడం మన పాత బొజ్జ చూపే.

అసలు చిక్కు కుట్లు విప్పిన తర్వాత వస్తుంది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభ రెండు మాటలు స్పష్టంగా చెప్పింది: ఈ శస్త్రచికిత్సను అనేక శాఖల వాళ్లు కలిసి చూసుకోవాలి, రోగిని జీవితాంతం గమనిస్తూ ఉండాలి. ఈ రెండో మాట మన నేల మీద ఏమవుతుంది? తలుపుల నుంచి బెంగుళూరు వెళ్లి శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన ఒక స్త్రీని ఊహించుకుందాం. మొదటి వారాలు జావలూ ద్రవాలే. ఆ తర్వాత కూడా సంగటి ముద్ద ఆమె కడుపులో పట్టదు. నాలుగు ముద్దలు, అవీ బాగా నమిలి, నీళ్లు వేరే వేళకు పెట్టుకుని తినాలి. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు తగ్గకూడదు; గుడ్డూ పప్పూ పెరుగూ ముందు, అన్నం చివర. ఇంటిల్లిపాదికీ వడ్డించి అడుగున మిగిలింది తినే ఆడమనిషికి ఈ క్రమం ఎవరు నడుపుతారు? ఇనుము, కాల్షియం, డి విటమిన్, బి12 బతికినంతకాలం. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లం కూడా ఆ మాత్రల్లోనే ఉంటుంది. కార్నిష్ పప్పు కోసం టెంపుల్‌తో పడిన తగవు ఆమె కంచంలో మళ్లీ మొదలైనట్టే.

ఆస్పత్రుల ప్రకటనల్లో రెండు ఫొటోలుంటాయి, ముందు ఒకటి, తర్వాత ఒకటి. పదేళ్ల తర్వాతి ఫొటో నేనెక్కడా చూడలేదు. ఆ పదేళ్లలో అవసరమయ్యేవి పెద్ద యంత్రాలేమీ కావు: ఏడాదికోసారి రక్తపరీక్ష, బి12 సూది, తిండి గురించీ దిగులు గురించీ అడిగే ఒక మనిషి. ఇంకా ముఖ్యంగా, ఎడతెగని వాంతులను కనిపెట్టే కన్ను. వాంతులు వారాల తరబడి సాగితే ఒంట్లో థయామిన్ అడుగంటుతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చూపు చెదురుతుంది, మతి తప్పుతుంది. ఆ లోపం పేరు బెరిబెరి. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో ప్రచురించిన గ్రంథంలో ఉత్తర సర్కారుల సిపాయిల గురించి వర్ణించిన జబ్బే. సకాలంలో గుర్తిస్తే సూదిమందుతో ఆగుతుంది. ‘ఏదో అరగలేదులే’ అని సోడా తాగించి పడుకోబెడితే ఆగదు.