ఎన్నికలలో పరాయి హస్తం: నరసాపురం చెప్పే పాఠం

ఎన్నికలలో విదేశాల జోక్యాన్ని గురించి నేడు యెవరికి వారే పరిశోధకులవుతున్నారు. ఇంటర్నెట్టులో దొరికిన జాబితాను మరొక జాబితాతో సరిచూసి, ఈ సొమ్ము ఎక్కడిది, ఈ ప్రచారం వెనుక యెవరున్నారు అని విద్యార్థులూ ఉపాధ్యాయులూ అడుగుతున్నారు. ఈ ప్రశ్న ప్రజాస్వామిక చైతన్యానికి గుర్తే. అయితే అది కొత్తది కాదు. ఆంధ్రదేశంలో 1955లోనే పరాయి హస్తం ఎన్నికల సమస్య అయింది. నాటి అనుభవాన్ని నిష్పాక్షికంగా పరిశీలిస్తే నేటి పరిశోధకులకు ఉపయోగపడే పాఠాలు కొన్ని దొరుకుతాయి.

1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1952లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచి వున్నారు. అందువల్ల ఈ ఎన్నికల మీద దేశదేశాల పత్రికల చూపు పడింది. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటిగా నిలిచాయి. ప్రచారం నడపడానికి బొంబాయి నుంచి ఎస్. కె. పాటిల్ వచ్చాడు. కమ్యూనిస్టులు మాస్కో ఆడించినట్టు ఆడేవారన్నది వారి ప్రచారంలో ముఖ్యమైన ఆరోపణ.

ఇక్కడే చరిత్ర ఒక విచిత్రం చేసింది. ఆ జనవరి 26న మాస్కోలోని ప్రావ్దా పత్రిక భారత రిపబ్లిక్కునూ, నెహ్రూ ప్రభుత్వపు విదేశాంగ విధానాన్నీ మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసువారు దానిని కరపత్రాలుగా అచ్చువేసి పంచారు. మాస్కో పేరు చెప్పి ప్రజలను భయపెట్టిన వారే మాస్కో మాటను ఓట్ల కోసం వాడుకున్నారు! ఇందులో రహస్య ధనం లేదు, గూఢచారి లేడు. బహిరంగంగా అచ్చయిన ఒక సంపాదకీయం, దానిని వాడుకోగల స్వదేశీ హస్తం వుంటే సరిపోయింది.

ఫలితాలేమిటి? 196 స్థానాలలో ఐక్య కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఓట్లు చూడండి: కమ్యూనిస్టులకు 1952లో దాదాపు నూటికి 22 వస్తే, 1955లో 31 వచ్చాయి. మునుపటి కంటె ఎక్కువ చోట్ల పోటీ చేశారన్నది కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. అయినా చీలిపోయి వున్న ప్రత్యర్థులు ఏకం కావడమే స్థానాల పతనానికి ప్రధాన కారణమని అంకెలు చెబుతున్నాయి. రెండేళ్లకే, 1957 లోక్‌సభ ఎన్నికలలో, నరసాపురం కమ్యూనిస్టు అభ్యర్థి ఉద్దరాజు రామాన్ని గెలిపించింది. పరాయి సొమ్మే ఓటరు మనసును కొనివేసిందన్న వాదం ఈ ఫలితం ముందు నిలవదు. ఓటమికి అటువంటి సాకు వెదికేవాడు, తనను ఓడించిన గ్రామీణ సంపన్న వర్గాల పొందికను అర్థం చేసుకోలేడు.

అంటే విదేశీ ధనం కట్టుకథ అని కాదు. యూరపులోనూ ఆసియాలోనూ మేధావులను కూడగట్టిన 'సాంస్కృతిక స్వాతంత్ర్య కాంగ్రెసు'కు అమెరికా గూఢచారి సంస్థ డబ్బు ముట్టిందని 1966, 67లలో అమెరికన్ పత్రికలే బయటపెట్టాయి. కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాలులో ఒకసారి కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా కాంగ్రెసుకు అమెరికా డబ్బు ఇచ్చిందని, ఢిల్లీలో రాయబారిగా పనిచేసిన మొయినిహాన్ 1978లో రాశాడు. సోవియట్ గూఢచారి శాఖ మాజీ ఉద్యోగి మిత్రోఖిన్ తెచ్చిన కాగితాల ఆధారంగా 2005లో వచ్చిన పుస్తకం మాస్కో సొమ్మును గురించి కూడా చెప్పింది. మొదటి రెండింటినీ నమ్మి మూడవదాన్ని పరిశీలించకుండానే తోసివేయడం విమర్శ కాదు. సాక్ష్యాన్ని తూచే త్రాసు ఒక్కటే వుండాలి.

పరిశోధన పద్ధతి కోసం కూడా దూరం పోనక్కరలేదు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని లేసు అల్లుతారు. ఆ లేసును విదేశాలలో కొనేవాడిని వారు ఎన్నడూ చూడరు. వారి గుమ్మంలోకి వచ్చేది దళారి. అతని వెనుక వ్యాపారి, ఆ వెనుక ఎగుమతిదారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ గొలుసును విప్పి 1982లో పుస్తకం ప్రకటించింది. ఎన్నికలలో పరాయి సొమ్మునూ ఇలాగే వెదకాలి. ఇంటి గుమ్మం నుంచి బయలుదేరి, ఏ చేయి దాటి ఏ చేతికి వచ్చిందో, మధ్యలో ఎవరి వాటా ఎంతో తేల్చాలి. పరాయి హస్తం మన దళారి లేకుండా పల్లెలోకి రాదు.

ఈ పనికి పాలకవర్గాలు పెట్టే అడ్డంకి కాగితాలను దాచడం. 1967 ఎన్నికల తరువాత విదేశీ ధనంపై కేంద్ర గూఢచారి శాఖ విచారణ జరిపింది. ఆ నివేదిక సారం న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది గాని, మన ప్రజలకు నివేదిక అందలేదు. పార్టీలు విదేశీ విరాళాలు తీసుకోరాదని 1976లో చట్టం వచ్చింది. లండను వేదాంత సంస్థకు చెందిన కంపెనీల నుంచి కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీ రెండూ డబ్బు తీసుకుని ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2018లో పార్లమెంటు చట్టాన్నే సవరించి, ఆ సవరణ 1976 నుంచీ అమలులో వున్నట్టు చేసింది!

దీనికి భిన్నమైన ఉదాహరణ 2024. సుప్రీంకోర్టు ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసి వివరాలు బయటపెట్టమన్నది. మార్చిలో జాబితాలూ, తరువాత బాండు సంఖ్యలూ వెలువడగానే పత్రికలవారూ, సామాన్య పౌరులూ కొన్నవారి పేర్లను తీసుకున్న పార్టీలతో జతపరిచారు. హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్న సంగతి అందరికీ తెలిసింది. కాగితం బయటికి వస్తే సామాన్యుడు చాలిన పరిశోధకుడే.

కాబట్టి మన విద్యార్థులు గూఢచారి కథలను కాక లెక్కల పుస్తకాలను వెంబడించాలి. వాటిని బయటపెట్టించే పోరాటంలో భాగస్వాములు కావాలి. పరాయి హస్తం కనబడిన చోట, దానిని పట్టుకుని వున్న స్వదేశీ హస్తమేదో కూడా చూపాలి. అది చూపనంతవరకూ పరిశోధన సగమే జరిగినట్టు.